బోధన్ రోడ్డు మీద చల్లబడే బండి

నిజామాబాద్ కంఠేశ్వర్ బైపాస్ పక్కన రేకుల షెడ్డులో ఒక కార్ల మెకానిక్ షాపు ఉంది. బోర్డు మీద భూమేష్ పేరు ఉంటుంది. కానీ ఈమధ్య అక్కడ బండి దిగేవాళ్లలో సగం మంది ముందుగా అడిగే మాట "అక్క ఉన్నదా?" అని. ఆ అక్క భూమేష్ భార్య సుమలత.

సుమలత తల్లి అంజవ్వ బీడీలు చుట్టేది. సుమలత కూడా బడి నుంచి రాగానే చాట ముందు కూర్చునేది. చుట్టిన కట్టలు కార్ఖానాకు తీసుకుపోతే అక్కడి మనిషి చూసి కొన్ని పక్కన పడేసేవాడు. ఎందుకు పడేశావని అంజవ్వ ఏనాడూ అడగలేదు. సుమలత అడిగేది. "ఆకు కురుచగున్నదా, తంబాకు తక్కువైందా? చెప్తే రేపు మంచిగ చుడ్తం కదా" అనేది. ఆ మనిషికి చెప్పే ఓపిక ఉండేది కాదు. ఈ పిల్లను ఇంకోసారి వెంట తీసుకురావద్దని అంజవ్వకు చెప్పాడట. ఈ మాట అంజవ్వ ఇప్పటికీ నవ్వుకుంటూ చెబుతుంది.

పెళ్లయ్యాక సుమలత షాపులో సామాన్లు చూసుకోవడానికి వచ్చి కూర్చునేది. ఫిల్టర్లు, బెల్టులు, ఆయిల్ డబ్బాలు ఏది ఎక్కడుందో ఆమెకే తెలుసు. ఒక రోజు సొరుగు సర్దుతుంటే అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద నల్లటి వస్తువు కనపడింది. అది స్కానర్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్టులో పెడితే, ఇంజన్‌లోని సెన్సార్లు బండి కంప్యూటర్‌కు ఏం చెబుతున్నాయో ఫోన్‌లో కనపడుతుంది. స్పేర్‌పార్టుల దుకాణం ఆయన బలవంతం చేస్తే భూమేష్ కొన్నాడు. మీటర్ బోర్డులో ఇంజన్ లైటు వెలిగిన బండి వస్తే దాన్ని పెట్టేవాడు, ఏ లోపమో చూసేవాడు, మళ్లీ సొరుగులో పడేసేవాడు. ఆయన నమ్మకం చెవి మీద. బానెట్ ఎత్తి, తల వంచి, కాసేపు విని చెప్పేస్తాడు. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా.

సుమలత ఆ మధ్యాహ్నం షెడ్డులో ఉన్న ఒక కారుకు స్కానర్ పెట్టింది. ఫోన్ నిండా అంకెలు. ఒకటి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది, ఒకటి ఊగుతోంది. యాక్సిలేటర్ మీద కాలు పెడితే అన్నీ ఒక్కసారి కదిలాయి. తీస్తే ఒక్కొక్కటే మెల్లగా తమ చోటికి వచ్చాయి. ఏది దేనివల్ల కదిలిందో ఆమెకు తెలియలేదు. తెలియకపోవడమే ఆమెను పట్టుకుంది. ఆ ఎండాకాలమంతా పని లేనప్పుడల్లా షెడ్డులో నిలబడ్డ బండికల్లా స్కానర్ పెట్టి చూసింది. ఫోన్‌లో హిందీ వీడియోలు పెట్టుకుని, అర్థం కానిచోట ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి వినేది. భూమేష్ మొదట్లో "గది సినిమా లెక్క సూస్తున్నవ్" అని నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేసి, "ఏమంటున్నయ్ నీ అంకెలు?" అని అడగడం మొదలుపెట్టాడు. అడిగేవాడే కానీ, చివరి మాట ఆయన చెవిదే.

చెరుకు కోతలు మొదలైన చలికాలంలో దశరథం ఆ షాపుకు వచ్చాడు.

దశరథంది బోధన్. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులూ బాయిలర్ హౌస్‌లో పనిచేశాడు. అది మూతపడ్డాక కొన్నాళ్లు ఊరికే ఉండి, ఎడపల్లి దగ్గర తన పొలంలోనే చిన్న బెల్లం బట్టీ పెట్టుకున్నాడు. రసాయనాలు కలపని బెల్లం అని నిజామాబాద్‌లో నాలుగైదు దుకాణాలకు వేస్తాడు. అందుకు ఆయనకున్నది పాత పెట్రోల్ కారు. వెనక సీటు మడిచి బెల్లం పెట్టెలు పెడతాడు. కారు తలుపు తీస్తేనే తియ్యటి పొగ వాసన.

"పెట్రోల్ ఊకె తాగుతున్నది బిడ్డా" అన్నాడు. "ఎన్కట లీటరుకు పదిహేడు, పద్దెనిమిది వచ్చేది. ఇప్పుడు పన్నెండు దాటుతలేదు. బోధన్ల సూపిచ్చిన. ప్లగ్గులు మార్చిండ్రు, ఎయిర్ ఫిల్టర్ మార్చిండ్రు, ఇంజెక్టర్లు కడిగిండ్రు. ఏం ఫరక్ లేదు."

భూమేష్ బానెట్ ఎత్తి విన్నాడు. ఇంజన్ మెత్తగా కొట్టుకుంటోంది. ఆయన చెవికి ఏ తప్పూ దొరకలేదు.

"బండి మంచిగనే ఉన్నది. పెట్రోల్ల ఇథనాల్ కలుపుతున్నరు కద, గదే అయ్యుంటది" అన్నాడు.

"అందరు గదే అంటున్నరు" అన్నాడు దశరథం. ఆయన ముఖంలో కోపం కంటే చిన్నబోవడం ఎక్కువగా ఉంది. "ఇథనాల్ దేంతోటి అయితది? చెరుకుతోటి. బతుకంతా చెరుకుతోనే గడిపిన. ఇప్పుడు గదే చెరుకు నా బండిని ఖరాబ్ చేస్తున్నదంటే ఎట్ల నమ్మాలె?"

సామాన్ల గది గుమ్మం దగ్గర నిలబడి వింటున్న సుమలత ముందుకొచ్చింది.

"బాపు, ఊర్ల తిప్పితే ఎక్కువ తాగుతున్నదా, రోడ్డు మీదనా?"

ఇప్పటిదాకా ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదు. దశరథం తలుపు మీద చెయ్యి వేసి ఆలోచించాడు.

"మొన్న పండ్గకు ఇక్కడ బిడ్డ ఇంట్ల ఉన్న. వారమంతా ఊర్లనే తిప్పిన. అప్పుడు మరీ గింత తాగలేదు. బోధన్ రోడ్డు మీదనే ఎక్కువ తాగుతున్నట్టు అనిపిస్తది."

"ఉల్టా ఉన్నది" అంది సుమలత. ఏ బండైనా గల్లీల్లో ఆగుతూ పోతుంటే ఎక్కువ తాగుతుంది, రోడ్డు మీద తక్కువ తాగుతుంది. పెట్రోల్ తప్పే అయితే రెండు చోట్లా ఒకేలా తగ్గాలి. పెట్రోల్‌కు ఊరు, రోడ్డు తేడా ఏం తెలుస్తుంది? పైగా అదే బంకులో పోయించుకునే వేరే బండ్లు ఇక్కడికి వస్తున్నాయి. వాటికి కొంచెం తగ్గింది కానీ ఇంత తగ్గలేదు.

స్కానర్ పెట్టింది. లోపాలేమీ లేవని వచ్చింది. అంకెలు ఒక్కొక్కటే చూసింది. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ ఊగాల్సినట్టే ఊగుతోంది. గాలి లెక్క సరిగ్గా ఉంది. ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ల వేడి మాత్రం మెల్లగా ఎక్కింది. ఎక్కడానికి చాలాసేపు పట్టింది, కానీ చివరికి ఉండాల్సిన చోటికే వచ్చింది.

"సూసినవా, అన్నీ మంచిగున్నయ్" అన్నాడు భూమేష్.

"నిలబడ్డప్పుడు మంచిగున్నయ్. బాపు చెప్పేది నడిచినప్పటి సంగతి కదా." సుమలత స్కానర్ తీయలేదు. "బాపు, మీరు ఇంటికే పోతున్నరా? నేను మీతోని బోధన్ దాక వస్త. బస్సుకు మర్లి వస్త."

భూమేష్ ఒకసారి ఆమెను, ఒకసారి షెడ్డులో విప్పి పడున్న రెండు బండ్లను చూశాడు. "క్లచ్ ప్లేట్లు యాడున్నయో చెప్పి పో" అన్నాడు.

దశరథం నడుపుతుంటే సుమలత పక్క సీట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఊరు దాటేదాకా అంకెలన్నీ షాపులో ఉన్నట్టే ఉన్నాయి. రోడ్డు ఖాళీ అయింది. దశరథం కొంచెం వేగం పెంచాడు. చలిగాలి అద్దాల సందుల్లోంచి కొడుతోంది. అప్పుడు నీళ్ల వేడి చూపించే అంకె తగ్గడం మొదలైంది. ఎనభై ఐదు దగ్గర ఉన్నది డెబ్బై ఐదుకు వచ్చింది. సుమలత ఫోన్‌ను దగ్గరగా పట్టుకుంది. డెబ్బై. అరవై రెండు. వేడెక్కిన ఇంజన్ పరిగెత్తుతుంటే చల్లబడడమేమిటని ఆమెకు అర్థం కాలేదు. అదే సమయంలో, అంతదాకా ఊగుతున్న ఆక్సిజన్ సెన్సార్ గీత ఒక పక్కకు ఒరిగి అక్కడే ఉండిపోయింది. పెట్రోల్ ఎక్కువగా పోతోందని దానర్థం.

జానకంపేట రైల్వే గేటు పడి ఉంది. బండి ఆగింది. ముందు చెరుకు ట్రాక్టర్, దాని ముందు బస్సు. సుమలత ఫోన్ మీద నుంచి కళ్లు తీయలేదు. ఆగిన కొద్దిసేపటికే వేడి అంకె మళ్లీ ఎక్కసాగింది. రైలు పోయి గేటు ఎత్తేసరికి డెబ్బై దాటింది. బండి కదిలి వేగం అందుకోగానే మళ్లీ పడిపోయింది.

"బాపు, జర ఆపుండ్రి" అంది. ఆగారు. ఎక్కింది. "పోనియ్యుండ్రి." తగ్గింది. ఎడపల్లి వచ్చేదాకా ఇదే ఆట. దశరథానికి కూడా సరదా పుట్టింది. ఆమె చెప్పకముందే తనే ఆపి, "ఎక్కిందా?" అని అడిగాడు.

"ఎక్కింది. బాపు, దొరికినట్టే ఉన్నది" అంది సుమలత. "ఇంజన్ల నీళ్ల వేడి సూసే సెన్సార్ ఒకటుంటది. గది ఇంజన్ సల్లగున్నదని చెప్తే, కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తది. చలికాలం పొద్దుగాల బండి స్టార్ట్ అవడానికి పోస్తది కద, గట్ల. మీ సెన్సార్ ఖరాబైంది. నడుస్తుంటే అబద్ధం చెప్తున్నది. కొత్తది వేస్తే అయిపాయె."

దశరథం బండిని రోడ్డు దిగి తన బట్టీ వైపు తిప్పాడు. కొంచెం దూరం పోయాక మెల్లగా అన్నాడు.

"బిడ్డా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. నేను కొత్తగ బాయిలర్ పనిల చేరినప్పుడు ఒకసారి గేజ్ తక్కువ సూపిచ్చింది. గేజ్ ఖరాబైంది, మారుద్దామన్న. మా రామస్వామి సార్ అన్నడు, గేజ్ అబద్ధం చెప్తున్నదని నీకెవరు చెప్పిండ్రు, బాయిలర్ సంగతి సూసినవా అని. సూస్తే నిజంగనే ఒక దిక్కు మంట పడ్తలేదు."

సుమలత మళ్లీ ఫోన్ వైపు చూసింది. బండి నడిచేటప్పుడు చల్లబడుతుందా? చల్లబడితే ఎందుకు? కానీ ఆ పెద్దమనిషి మాట కాదనడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. సెన్సార్ తప్పు చెబుతోందని తను అనుకుందే తప్ప చూడలేదు.

"ఎట్ల తెలుసుకోవాలె మరి?" అని తనలో తాను అనుకున్నట్టుగా పైకే అంది.

బట్టీ దగ్గర పెద్ద కడాయిలో చెరుకురసం ఉడుకుతోంది. కింద ఎండిన చెరుకు పిప్పి మండుతోంది. ఇద్దరు మనుషులు పొడుగాటి గరిటెలతో కలుపుతున్నారు. దశరథం కడాయి పక్కన గుంజకు తగిలించిన పొడుగు థర్మామీటర్ తీశాడు. పాకం ఎప్పుడు దించాలో ఆయన చేత్తో చూసి చెప్పగలడు. అయినా థర్మామీటర్ పెట్టి చూసుకుంటాడు. బాయిలర్ అలవాటు.

"గీ సెన్సార్‌ను ఉడుకునీళ్లల్ల పెడితే ఏమన్న చెప్తదా?"

సుమలత ముఖం విప్పారింది. చెబుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ సెన్సార్‌లో కరెంటుకు అడ్డం తగ్గుతుంది. ఎంత వేడికి ఎంత అడ్డం ఉండాలో చూపించే పట్టిక ఆమె ఫోన్‌లో ఉంది. కొలిచే మీటరు ఆమె సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

ఇంజన్ చల్లారేదాకా ఆగారు. ఈలోపు దశరథం భార్య నాగవ్వ బట్టీ వాళ్లకు సద్ది తీసుకుని వచ్చింది. సుమలత సెన్సార్‌ను విప్పుతుంటే కొంచెం నీళ్లు కారాయి. నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. కారిన చోట గుడ్డ చుట్టి, పొయ్యి మీద చిన్న గిన్నెలో నీళ్లు పెట్టి, సెన్సార్ కొనను దారంతో వేలాడదీసింది. దశరథం థర్మామీటర్ పట్టుకున్నాడు.

"నలభై" అన్నాడు దశరథం. సుమలత మీటరు చూసి, పట్టిక చూసింది. సరిపోయింది.

"అరవై." సరిపోయింది.

"ఎనభై." అదీ సరిపోయింది. నీళ్లు మరిగేదాకా చూశారు. గిన్నె దించి చల్లారుతుంటే మళ్లీ చూశారు. ఎక్కడా తేడా లేదు.

సుమలత మీటరు కింద పెట్టి అక్కడే గట్టు మీద కూర్చుంది. సెన్సార్ ఇంతసేపూ నిజమే చెబుతోంది. తనే నమ్మలేదు. చిత్రంగా, ఓడిపోయినట్టు అనిపించలేదు. ఇంకో తలుపు తెరుచుకున్నట్టు అనిపించింది.

"బాపు, మీ ఇంజన్ నిజంగనే సల్లబడ్తున్నది" అంది.

"అట్లయితే ఎందుకు సల్లబడ్తున్నది?"

"గదే సూడాలె."

సెన్సార్ మళ్లీ బిగించి, తగ్గినన్ని నీళ్లు పోసి, ఇంజన్ స్టార్ట్ చేయించింది. పైనుంచి రేడియేటర్‌కు పోయే రబ్బరు గొట్టం మీద చెయ్యి పెట్టింది. ఇంజన్ ఇంకా వేడెక్కకముందే గొట్టంలో నీళ్లు పారుతున్నట్టు చేతికి తెలిసింది. అలా పారకూడదు. ఇంజన్ నోటి దగ్గర చిన్న వాల్వు ఉంటుంది, థర్మోస్టాట్ అంటారు. ఇంజన్ బాగా వేడెక్కేదాకా అది మూసుకుని ఉండాలి. వేడెక్కాకే తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదలాలి. ఇక్కడ మొదటి నుంచే నీళ్లు వెళ్లిపోతున్నాయి. ఊర్లో ఆగుతూ పోతే గాలి తగలదు కాబట్టి ఎలాగోలా వేడెక్కుతోంది. రోడ్డు మీద వేగంగా పోతే ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లారుస్తోంది, ఆపేది లేక ఆ చల్లటి నీళ్లు ఇంజన్‌ను చల్లార్చేస్తున్నాయి.

భూమేష్‌కు ఫోన్ చేసి చెప్పింది. "వాల్వు తెరుసుకునే ఇరుక్కున్నదేమో. నువ్వు విప్పకు, పానా జారితే బోల్టు తెగుతది. నేనే వస్తున్న" అన్నాడు. మధ్యాహ్నం దాటాక మోటార్‌సైకిల్ మీద పానాల సంచి వేసుకుని వచ్చాడు. తుప్పు పట్టిన రెండు బోల్టులను ఓపికగా, నూనె వేస్తూ, కొంచెం ముందుకు కొంచెం వెనక్కి తిప్పుతూ ఊడదీశాడు. ఆ చేతి నేర్పు సుమలతకు రాదు. మూత తీసి లోపలికి చూశాడు. వేలు పెట్టి చూశాడు.

"ఇరుక్కోలేదు" అన్నాడు. "లేనే లేదు."

లోపల ఖాళీ. వాల్వు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఎవరు తీసిండ్రు?" అన్నాడు దశరథం. బోధన్ మెకానిక్ తీయలేదు, అక్కడ పని జరిగినంతసేపూ దశరథం ఎదురుగానే కూర్చున్నాడు. తను తీయించలేదు. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

సద్ది గిన్నెలు కడుగుతున్న నాగవ్వ అక్కడి నుంచే అడిగింది. "ఏం తీసిండ్రు? ఇంత బిళ్ల లెక్క, నడుమ స్ప్రింగ్ ఉంటది, గదేనా?"

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఎండకాలంల బిడ్డ, అల్లుడు, పిల్లలు, నేను హైదరాబాద్ పోయినం కద. ఇందల్వాయి దాటినంక అడవిల బండి మసిలిపోయింది. పొగలు. అల్లుడు మెల్లగ ఎన్కకు మలిపి ఇందల్వాయిల మెకానిక్ కాడికి తీసుకపోయిండు. గాయిన గది తీసి నాకు సూపిచ్చిండు. గీ నీళ్ల కిటికీ బిగుసుకపోయింది అవ్వా, తెరుసుకుంటలేదు, తీసేస్తున్న, ఇంటిదాక మంచిగ పోతరు అన్నడు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు దశరథం.

"నువ్వు బండి గురించి నన్నెప్పుడన్న అడిగినవా? అల్లుడు చెప్పిండనుకున్న."

అల్లుడు అనిల్‌కుమార్‌కు ఫోన్ చేశారు. బండి వేడెక్కింది, బాగు చేయించాను అని మామకు చెప్పినట్టు ఆయనకు గుర్తుంది. వాల్వు మాట గుర్తులేదు. ఎండ, పిల్లల ఏడుపు, పోవాల్సిన తొందర, వీటి మధ్య మెకానిక్ చెప్పింది సగమే విన్నాడేమో. దశరథం ఫోన్ పెట్టేసి నవ్వాడు. "బాయిలర్ల మంట ఆగితె సైరన్ కొడ్తుండె. ఇంట్ల సైరన్ లేదు" అన్నాడు. నాగవ్వ వినీ విననట్టు గిన్నెలు బోర్లించింది.

మరునాడు షాపులో భూమేష్ కొత్త వాల్వు వేశాడు. తుప్పు నీళ్లన్నీ తీసేసి, లోపలంతా కడిగి, మామూలు నీళ్లకు బదులు కూలెంట్ పోశాడు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోయడం వల్లే లోపల తుప్పు పట్టి, పాత వాల్వు బిగుసుకుని ఉంటుందని ఆయన అంచనా. సుమలత మళ్లీ ఫోన్ పట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. ఈసారి భూమేష్ వెనక సీట్లో, బెల్లం పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. జానకంపేట దాకా పోయి వచ్చారు. నీళ్ల వేడి తొందరగా ఎక్కింది, ఎక్కినచోటే నిలిచింది. బండి వేగం పెరిగినా తగ్గినా ఒకటి రెండు అంకెల కంటే కదల్లేదు. ఆక్సిజన్ సెన్సార్ గీత దారి పొడుగునా ఊగుతూనే ఉంది.

"చెవికి గిది వినపడదు" అన్నాడు భూమేష్ వెనక నుంచి.

కొన్ని వారాలకు దశరథం మళ్లీ వచ్చి లెక్క చెప్పాడు. పదహారు దాకా వస్తోంది. పాత పద్దెనిమిది రాలేదు. బండి పాతబడింది, పెట్రోల్ మారింది, రెండూ ఉన్నాయని సుమలత అంది. ఎంత దేనిదో చెప్పడానికి తన దగ్గర కొలత లేదని కూడా అంది. దశరథం తల ఊపాడు. "అట్లయితే జరంత మా చెరుకుది కూడ ఉన్నది. గంత వరకు ఒప్పుకుంట" అన్నాడు.

సుమలతకు మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. ఆ రోజు అడవిలో బండి మసిలింది వాల్వు బిగుసుకున్నందుకేనా? లేక రేడియేటర్‌లోనో, ఫ్యాన్‌లోనో వేరే లోపం ఉంటే, వాల్వు తీయడం వల్ల అది ఇంతకాలం దాగి ఉంటే? అలాగైతే తాము కొత్త వాల్వు వేసి, వచ్చే ఎండాకాలంలో ఆ ముసలివాళ్లను మళ్లీ అడవిలో నిలబెట్టినట్టే. ఈ సంగతి భూమేష్‌కు చెబితే, ఆయన కూడా కాదనలేకపోయాడు.

ఎండలు ముదరగానే ఒక మధ్యాహ్నం దశరథం కారులో ఆయన, సుమలత, భూమేష్ ముగ్గురూ ఇందల్వాయికి పోయారు. దారి చూపడానికి నాగవ్వ కూడా వచ్చింది. హైవే పక్కన లారీల వరుస దాటాక, టైర్ల కుప్ప పక్కన ఉన్న షాపును ఆమే గుర్తుపట్టింది. మెకానిక్ పేరు పరమేశ్వర్. నడివయసు మనిషి. నాగవ్వను చూడగానే నవ్వాడు.

"అవ్వా, మంచిగున్నవా? బండి మళ్ల మసిలిందా?"

"మసలలేదు బిడ్డా. సల్లబడ్డది" అంది నాగవ్వ.

సుమలత జరిగిందంతా చెప్పింది. పరమేశ్వర్ లేచి నిలబడి విన్నాడు. ఆయన ముఖం కొంచెం బిగుసుకుంది. "అక్కా, ఆ రోజు గా ఎండల పిల్లలున్నరు బండిల. వాల్వు ఇక్కడ దొరకలేదు. తీసేసి పంపిన. చలికాలం వచ్చేటాలకు కొత్తది వేయించుకోండ్రని చెప్పిన."

"నువ్వు చేసింది కరెక్టే అన్న" అంది సుమలత. "నేనున్నా గదే చేస్తుంటి. నేను అడగడానికి వచ్చింది వేరే. ఆ వాల్వు నిజంగ బిగుసుకున్నదా? నీళ్లల్ల వేసి సూసినవా?"

పరమేశ్వర్ ముఖం మామూలైంది. "సూసిన. పక్కన ఛాయ్ హోటల్ల మసిలే నీళ్లల్ల వేసిన. తెరుసుకోలేదు. తుప్పు పట్టి రాయి లెక్క ఉండె. ఫ్యాన్ కూడ సూసిన, తిరుగుతుండె." హైవే వైపు చూశాడు. "ఎండకాలం గిట్ల తీసినవి శానా ఉన్నయ్ అక్కా. హైవే మీద పోయేటోళ్లు మళ్ల మాకు కనపడరు. తర్వాత గా బండ్లకు ఏమైతదో నాకు తెల్వకపోయె. గింత పెట్రోల్ తాగుతయా?"

"రోడ్డు మీద తాగుతయ్."

ఆయన ఫోన్ వైపు చూశాడు. అంకెలు కదులుతున్నాయి. "గీ అంకె గుట్ట ఎక్కుడు మీద ఎంత దాక పోతది?"

"తెల్వదన్న" అంది సుమలత. "గదే సూద్దామని వచ్చినం."

పరమేశ్వర్ చేతులు తుడుచుకుని, షాపు పక్క ఛాయ్ హోటల్ ఆయనకు అప్పజెప్పి, వెనక సీట్లో భూమేష్ పక్కన ఎక్కాడు. నాగవ్వ కిటికీ దగ్గరికి జరిగింది. బండి అడవిలోకి, ఎక్కుడు వైపు పోయింది. నడినెత్తి ఎండ. తారు మీద గాలి అలలుగా ఊగుతోంది. ఏసీ కూడా వేయమంది సుమలత. ఇంజన్‌కు ఎంత బరువు పడుతుందో అంతా పడాలి. అంకె తొంభై దాటింది. తొంభై ఐదు. ఇద్దరు మెకానిక్‌లు ముందు సీట్ల మధ్యలోంచి తలలు పెట్టి చూస్తున్నారు. తొంభై ఎనిమిది దగ్గర ఫ్యాన్ చప్పుడు వినపడింది.

"ఫ్యాన్ తిరుగుతున్నది" అన్నాడు భూమేష్. దాన్ని ఆయన అంకె చూడకముందే విన్నాడు.

అంకె ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది. తొంభై మూడు దగ్గర నిలబడింది. ఎక్కుడు పైకి చేరేదాకా అక్కడే ఉంది. రేడియేటర్‌లో, ఫ్యాన్‌లో దాగిన లోపం లేదన్నమాట.

నాగవ్వ కిటికీలోంచి రోడ్డు పక్కన ఒక మోదుగ చెట్టును చూపించింది. "బండి ఆగింది గీడనే. పిల్లలను గా చెట్టు కింద కూసోబెట్టిన."

దశరథం అక్కడే పక్కకు తీసి ఆపాడు. అందరూ దిగారు. పరమేశ్వర్ బానెట్ ఎత్తి, పై గొట్టం మీద చెయ్యి పెట్టి, వేడికి వెంటనే తీసేశాడు. నాగవ్వ సంచిలోంచి బెల్లం ముక్కలు తీసి అందరి చేతుల్లో పెట్టింది. సుమలత ముక్క నోట్లో వేసుకుని, ఇంజన్ ఆపిన తర్వాత ఆ వేడి ఎంతసేపటికి దిగుతుందో చూడాలని ఫోన్ పట్టుకుని చెట్టు నీడలో నిలబడింది.